గాలికి లెక్క కట్టిన క్యారియర్

పలనాటి సీమలో ఎండ యనగానే అందరికిని స్ఫురించు గ్రామము రెంటచింతల. వేసవిలో వార్తాపత్రికలు రాష్ట్రమందలి ఉష్ణోగ్రతల పట్టికను ప్రకటించునపుడు ఆ పేరు తరచుగా మొదటి వరుసలలోనే కనబడును. 46, 47 డిగ్రీల వేడి అచ్చటివారికి క్రొత్త గాదు. ఆ ప్రాంతమంతయు సున్నపురాతి నేల. నాపరాళ్ళు కప్పిన మిద్దెలు పగలెల్ల వేడిని త్రాగి రాత్రియెల్ల దానిని గ్రక్కుచుండును. మాచెర్లలో గాని, గురజాలలో గాని మిట్టమధ్యాహ్నము దాటినపిమ్మట వీథులలో మనుష్యసంచారము పలుచబడును. ఇది కేవలము సుఖమునకు సంబంధించిన విషయము కాదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా ప్రజలు మరణించిరి.

పూర్వము కలిగినవారు ద్వారములకు వట్టివేళ్ళ తడకలు కట్టించి, వానిపై నీరు చల్లించుకొనెడివారు. లేనివారు వేపచెట్టు నీడను, తాటాకు విసనకఱ్ఱను నమ్ముకొనెడివారు. నేడు నరసరావుపేట అంగళ్ళలో నీళ్ళ కూలర్లును, కిటికీలో అమర్చెడి ఎయిర్ కండిషనర్లును వరుసగా పేర్చియుండును. కొనవచ్చిన గృహస్థుడు మొదట వెల యడుగును. పిమ్మట ఏది ఎక్కువ చల్లగా నుండునని యడుగును. ఈ రెండవ ప్రశ్న సరియైనది కాదని నూరేండ్లకు పూర్వమే గ్రహించినవాడు విల్లిస్ హావిలాండ్ క్యారియర్. అతడు పుట్టినది ఎండ మండెడి దేశమున గాదు. చలికాలమున మంచు దట్టముగా గురిసెడి సీమలో.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొనను ఈరీ యను మహా సరస్సు కలదు. దాని తీరమునకు సమీపమున నున్న అంగోలా యను చిన్న యూరిలో 1876వ సంవత్సరము నవంబరు 26వ తేదీన క్యారియర్ జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. విల్లిస్ వారికి ఏకైక సంతానము. తోడ ఆడుకొనుటకు పిల్లలు లేకపోవుటచే అతడు తన ఆటలను తానే కల్పించుకొనుచు, ఏకాంతమున ఆలోచించుట కలవాటుపడెను. తల్లి ఎలిజబెత్తు నేర్పరియైన స్త్రీ. ఇంటి గడియారము నిలిచిపోయినను, కుట్టుమిషను చెడినను ఆమెయే విప్పి బాగుచేసెడిది.

బాలుడు తొమ్మిదేండ్ల ప్రాయమున భిన్నముల లెక్కలు బోధపడక మిక్కిలి బాధపడెను. తల్లి అతనిని కోపపడలేదు. నేలమాళిగలోని ఆపిల్ పండ్లను తెప్పించి, కత్తి చేతికిచ్చి, వానిని సగములుగను, పాతికలుగను, అరపాతికలుగను కోయించెను. ఆ ముక్కలను కూడించెను, తీసివేయించెను. అంతవరకు పలకమీద వట్టి గీతలుగా కనబడిన అంకెలు ఆనాడు అతనికి పండ్లముక్కలై కన్నులయెదుట నిలిచెను. కంటికి కనబడని దానిని సైతము ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను వేరుగా పరిశీలించి లెక్కించుట అతని కా దినముననే అలవడెను. పిమ్మట రెండేండ్లకు, అతడు పదునొకండేండ్ల వాడై యుండగా, ఆ తల్లి మరణించెను.

ఇంటి పరిస్థితులు అంతంతమాత్రముగ నుండుటచే చదువు తిన్నగా సాగలేదు. కొంతకాలము అతడు బడిపంతులుగా పని చేసెను. పట్టుదలతో మరల చదివి, పోటీపరీక్షలో విద్యార్థివేతనము గెలిచి, 1897లో కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరెను. వేతనము చాలక ఇతరుల తోటలలో గడ్డి కోసెను; ఇండ్లలోని కొలుములకు బొగ్గు వేసెను. 1901లో ఇంజనీరింగు పట్టము పొంది, బఫెలో నగరమున గాలిపంకలు, కొలుములు తయారుచేయు బఫెలో ఫోర్జి కంపెనీలో వారమునకు పది డాలర్ల జీతముపై కుదిరెను.

అతని జీవితమును మార్చిన పని మఱుసటి యేడే వచ్చెను. న్యూయార్కు మహానగరపు భాగమైన బ్రూక్లిన్ నందు సాకెట్టు-విల్‌హెల్మ్స్ యను ముద్రణాలయము కలదు. వారు రంగుల బొమ్మలతో పత్రికలు ముద్రించెడివారు. రంగుల ముద్రణలో ఒకే కాగితము పలుమారులు యంత్రములోనికి పోవలెను. మొదట పసుపు, ఆపై ఎఱుపు, ఆపై నీలము. వేసవిలో గాలిలోని తేమను పీల్చి కాగితము ఉబ్బును. పొడిగాలి తగిలిన ముడుచుకొనును. నిన్న ముద్రించిన ఎఱుపు నేటి నీలముతో కలియదు. బొమ్మలోని మనిషి పెదవుల రంగు చెక్కిలిమీదికి జరుగును. కాగితమును పారవేయుటయే గాక, గడువునకు పత్రికను అందింపలేక యజమానులు నష్టపోవుచుండిరి.

ఇరువదియైదేండ్ల క్యారియరు ముందుగా యంత్రము నిర్మింపబూనలేదు. తేమ ఎంత యుండిన కాగితము కదలకుండునో, ఎంత చల్లని గొట్టములపై ఎంత గాలి ప్రసరించిన అంత తేమ తొలగునో పట్టికలు వేసి లెక్క కట్టెను. 1902వ సంవత్సరము జూలై 17వ తేదీతో అతని పటములు సిద్ధమైనవి. చల్లని నీరు ప్రవహించు గొట్టముల చుట్టలపైనుండి గాలిని పోనిచ్చి, ముద్రణశాలలోని తేమను నూటికి 55 పాళ్ళయొద్ద నిలుపుట అతని పథకము. ఆధునిక ఎయిర్ కండిషనరునకు పుట్టినతేదీగా నేటికిని ఆ దినమునే చెప్పుకొందురు. ఆ యంత్రము మనుష్యుల కొఱకు గాక కాగితము కొఱకు పుట్టినదన్న సంగతి చాలమంది యెఱుగరు.

అంతకుముందు చల్లదనము కొఱకు ప్రయత్నించినవారు లేకపోలేదు. ఫ్లారిడా ప్రాంతమున జాన్ గోరీ యను వైద్యుడు జ్వరపీడితుల గదులను చల్లబఱుపగోరి, మంచు చేయు యంత్రమునకు 1851లోనే హక్కుపత్రము పొందెను. కాని దానికి పెట్టుబడి పెట్టువారు దొరకలేదు. గోరీ వెదకినది చల్లదనము. క్యారియరు వెదకినది తేమ. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, కథయంతయు దానిమీదనే నడచినది.

1902వ సంవత్సరము చివర, చలిగాలులు వీచుచుండగా, క్యారియరు పిట్స్‌బర్గు స్టేషనులో రాత్రివేళ రైలు కొఱకు నిరీక్షించుచుండెను. వేదికయంతయు పొగమంచు కప్పియుండెను. ఆ మంచును చూచుచు అతడిట్లు తర్కించెను. ఈ గాలి తేమతో పూర్తిగా నిండియున్నది. అయినను చల్లగా నుండుటచే దీనిలో నున్న నీరు నిజమునకు స్వల్పమే. వెచ్చని గాలి యెక్కువ నీటిని మోయగలదు, చల్లని గాలి మోయలేదు. గాలిని నీటి తుంపరలగుండా పోనిచ్చి, ఆ నీటి చల్లదనమును మన యిష్టము వచ్చినట్లు నిలిపిన యెడల, గాలిలో ఎంత తేమ మిగులవలెనో మనమే నిర్ణయింపవచ్చును. నీరు చల్లి గాలిని ఆరబెట్టుట! విన్నవారికి విపరీతముగా తోచిన మాట. రైలు వచ్చునప్పటికి ఆ యాలోచన అతని మనస్సులో రూపము దాల్చినదని చెప్పుదురు. దాని ఫలముగా గాలిని సంస్కరించు యంత్రమునకు 1906 జనవరి 2వ తేదీన అతనికి హక్కుపత్రము లభించెను.

ఆలోచనలో మునిగినపుడు అతనికి లోకము తెలియదు. ఒకమారు పెద్ద పెట్టె పట్టుకొని ప్రయాణమై పోయి, దిగిన చోట తెఱచి చూడగా లోపల ఒక్క చేతిరుమాలు మాత్రమే యుండెనట!

ఆ యంత్రము మొదట ఎక్కువగా ఆదరింపబడినది నూలు మిల్లులలో. అచ్చట చిక్కు తలక్రిందులు. గాలి పొడిగా నున్న దారము తెగిపోవును. కనుక తేమను తీసివేయుటకు బదులు చేర్పవలెను. ఎయిర్ కండిషనింగు అను పదమును 1906లో ప్రచారములోనికి తెచ్చినవాడును స్టూవర్టు క్రామర్ అను నూలుమిల్లుల ఇంజనీరే. ప్రత్తి పండించు పలనాటివారి కీ సంగతి సులభముగా బోధపడును. చిలకలూరిపేట ప్రాంతపు నూలు మిల్లులలో గాలికి తేమ చేర్చుట ఆ పద్ధతియే. 1907లో జపాను దేశపు యొకొహామా నగరమందలి పట్టుమిల్లునకు సైతము క్యారియరు యంత్రము చేరెను.

1911వ సంవత్సరము డిసెంబరులో అతడు న్యూయార్కున యంత్రశాస్త్రజ్ఞుల సభయెదుట ఒక వ్యాసము సమర్పించెను. గాలి వేడికిని, దానిలోని తేమకును, ఆ తేమ మంచుబిందువులై దిగు స్థితికిని గల సంబంధమును సూత్రములతో నిరూపించి, ఒక్క పటముగా గీచి చూపెను. ఇంజనీర్లు నేటికిని ఆ రీతి పటమునే వాడుచున్నారు.

ఆ పటము చెప్పు మర్మమును మన ప్రాంతమునకు అన్వయించి చూడవచ్చును. రెండు ఉష్ణమాపకములు తీసికొని, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టవలెను. నీరు ఆవిరియగుచు వేడిని హరించుటచే తడి బుడ్డి తక్కువ డిగ్రీలు చూపును. రెంటచింతలలో ఒక మధ్యాహ్నము గాలి వేడి 44 డిగ్రీలు, తేమ నూటికి 20 పాళ్ళు ఉన్నదనుకొందము. తడి బుడ్డి సుమారు 25 డిగ్రీలు చూపును. అనగా కేవలము నీటితోనే గాలిని ఎంతో చల్లబఱుపవచ్చునన్నమాట. వట్టివేళ్ళ తడకలును, వాని సంతతియైన కూలరును పలనాటిలో చక్కగా పని చేయుటకు ఇదియే కారణము. సముద్రతీరమున బందరులో వేడి 36 డిగ్రీలే యైనను తేమ 65 పాళ్ళున్న యెడల, తడి బుడ్డి 30 డిగ్రీలకు దిగువకు పోదు. అచ్చట కూలరు ఉక్కను హెచ్చించుటయే కాని ఉపశమనము కలిగింపదు. వేడి తక్కువగా నున్నచోట యంత్రము విఫలమై, ఎక్కువగా నున్నచోట సఫలమగుట వింత గాదా! క్యారియరు లెక్క తెలిసినవారికి అందు వింత లేదు.

ఇంతలో కష్టకాలము వచ్చెను. 1914లో ఐరోపాలో మహాయుద్ధము ప్రారంభమయ్యెను. కంపెనీ యజమానులు భయపడి, పరిశోధనలు చాలించి వస్తువుల తయారీకే పరిమితము కాదలచిరి. పన్నెండేండ్ల కృషి గాలిలో కలియునట్లుండెను. క్యారియరు, అతని మిత్రుడు ఇర్విన్ లైల్, మఱి యైదుగురు యువ ఇంజనీర్లు తాము దాచుకొన్న ధనమంతయు ప్రోగుచేసిరి. అది 32,600 డాలర్లయ్యెను. యుద్ధపు రోజులలో, నిలుకడయైన ఉద్యోగములు వదలి, 1915 జూన్ 26వ తేదీన వారు స్వంత కంపెనీ స్థాపించిరి. ఓడిపోయిన యెడల ఏడు కుటుంబములు వీథిన పడవలసినదే.

వారు ఓడిపోలేదు. అయినను ఒక పెద్ద చిక్కు మిగిలియుండెను. అప్పటి శీతల యంత్రములు గదులంత పెద్దవి. వానిలో వాడు అమ్మోనియా విషవాయువు. జనసమ్మర్దము గల చోట గొట్టము పగిలిన ప్రాణాపాయము. క్యారియరు చక్రగతిలో తిరుగు నూతన శీతల యంత్రమును కల్పించి, అమ్మోనియాకు బదులు అంత హానికరము గాని ద్రవమును వాడి, 1922 మే నెలలో న్యూవార్కు నగరమున ప్రదర్శించెను. దానితో ఎయిర్ కండిషనరు ఫ్యాక్టరీ గోడలు దాటి ప్రజలయొద్దకు వచ్చెను.

1925వ సంవత్సరపు వేసవి ప్రారంభమున న్యూయార్కు రివోలీ నాటకశాలలో ఆ యంత్రము నమర్చిరి. అంతకుముందు వేసవి వచ్చినదనిన సినిమాశాలలు వెలవెలబోయెడివి. చలనచిత్ర వ్యాపారులలో ప్రముఖుడైన అడాల్ఫ్ జూకర్ ఆనాడు స్వయముగా వచ్చి పై అంతస్తున కూర్చుండెను. ప్రేక్షకులు నమ్మకము చాలక చేత విసనకఱ్ఱలతోనే వచ్చిరి. యంత్రము కదలుట ఆలస్యమయ్యెను, శాల నిండిపోయెను, వేలకొలది విసనకఱ్ఱలు ఒక్కటిగా ఊగుచుండెను. క్యారియరు గుండె దడదడ కొట్టుకొనుచుండెను. చల్లదనము మెల్లమెల్లగా దిగసాగెను. ఒకరొకరుగా విసరుట మానిరి. కొంతసేపటికి విసనకఱ్ఱలన్నియు ఒడులలోనికి చేరెను. తరువాతి యైదేండ్లలో వందలకొలది సినిమాశాలలు ఆ త్రోవనే నడచెను. 1928లో అమెరికా ప్రతినిధుల సభకు, 1929లో సెనేటునకు సైతము చల్లని గాలి సమకూడెను.

ఇక మిగిలినది సామాన్యుని యిల్లు. క్యారియరు ఇండ్లకు, గదులకు తగిన చిన్న యంత్రములను తయారుచేయించెను గాని, 1929లో వచ్చిన ఆర్థిక మాంద్యమున అవి కొనువారు లేకపోయిరి. అవి బరువైనవి, వెల గలవి. 1930లో కంపెనీ నిలుచుటకై మఱి రెండు కంపెనీలతో కలియవలసివచ్చెను. కిటికీ అంచున నిలుపదగిన యంత్రమునకు 1931లో హక్కుపత్రము కోరినవారు షుల్జ్, షెర్మన్ అను వేఱిద్దరు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినపిమ్మట గాని కిటికీ యంత్రము మధ్యతరగతి యిండ్లకు చేరలేదు. తన విద్యనుండి పుట్టిన వస్తువు ఇతరుల చేతులలో ఇల్లిల్లు చేరుటను అతడు తన కడపటి యేండ్లలో చూచెను.

ఆ పెట్టె నిర్మాణము సరళమైనది. లోపలి చుట్టలో చల్లని వాయువు గదిలోని వేడిని పీల్చుకొనును. గాలిలోని తేమ ఆ చుట్టపై బిందువులై దిగి వెలుపలికి కారిపోవును. కంప్రెసరు ఆ వాయువును నొక్కి వెలుపలి చుట్టలోనికి పంపగా, అది తన వేడిని వీథిలోనికి విడుచును. యంత్రము చలిని పుట్టించుట లేదు. వేడిని ఇంటినుండి బయటికి మోయుచున్నది. కనుకనే ఎంత వేడి మోయవలెనో తెలియక దానిని కొనుట, బరువు తెలియక బండి కట్టుట వంటిది. ఆ బరువునకు కొలమానము టన్ను. 2,000 పౌనుల మంచుగడ్డ ఒక్క దినమున కరగుటకు పీల్చుకొనునంత వేడిని తొలగించునది ఒక టన్ను యంత్రము. యంత్రము బరువునకును ఆ టన్నునకును సంబంధము లేదు. అంగడిలో నిలిచి అట్లు భ్రమపడువారు నేటికిని కలరు.

సామాన్యముగా 120 చదరపు అడుగుల లోపు గదికి ఒక టన్ను, 180 వరకు ఒకటిన్నర టన్ను చాలునందురు. కాని క్యారియరు గది వైశాల్యముతో నిలిచిపోయెడివాడు కాడు. పైకప్పు ఎండకు గురియగునా? పడమటి గోడకు నీడ కలదా? గదిలో ఎందరు కూర్చుందురు? ఊరక కూర్చున్న మనిషి సైతము నూరు వాట్ల దీపమంత వేడిని వెడలించును. కావున ఆరుగురు గుమాస్తాలు, కంప్యూటర్లు ఉన్న మాచెర్లలోని ఒక కార్యాలయమునకును, ఇద్దరు నిద్రించు గదికిని కొలత ఒకటి కాదు. నాపరాతి మిద్దెక్రింది గదికి మఱికొంత హెచ్చు కావలెను. అట్లని అవసరమునకు మించినది కొనుటయు దోషమే. పెద్ద యంత్రము కొలది నిమిషములలో గదిని చల్లబఱచి ఆగిపోవును. తేమ తొలగుటకు వ్యవధి యుండదు. శ్రావణ భాద్రపదములలో అట్టి గది చల్లగానే యుండును గాని, గోడలు చెమ్మగిల్లి పక్కబట్టలు తడితడిగా తోచును. కిటికీ యంత్రము వెనుకభాగమునకు నీడ కావలెను, గాలి యాడవలెను. నీరు కారుటకు వెలుపలివైపు ఒకింత వాలుగా నిలుపవలెను.

వెల చెల్లించుట ఒక్కమారే, విద్యుత్తు బిల్లు నెలనెలా. కూలరు 200 వాట్ల లోపున నడచును. ఒకటిన్నర టన్ను యంత్రము 1,500 వాట్ల వరకు కోరును. కూలరునకు కావలసినది నీరు. పలనాటి మెట్ట గ్రామములలో వేసవిలో ఆ నీరే కఱవు. ఏది మేలో ఇంటింటికి వేఱుగా లెక్కించుకొనవలసినదే. భారత ప్రభుత్వము యంత్రములపై నక్షత్ర గుర్తులు ముద్రింపజేయుటయు, 2020 జనవరి నుండి అట్టి యంత్రములు 24 డిగ్రీలయొద్ద మొదలు కావలెనని నియమించుటయు ఈ వ్యయమును తగ్గించుటకే.

1937లో క్యారియరు తన కంపెనీని సిరక్యూస్ నగరమునకు మార్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున క్లీవ్‌లాండు నగరమందలి విమాన పరిశోధనాలయము వారు, ఆకాశమున ఎత్తుగా నెగురు విమానములకు తగులు శీతలవాయువును నేలమీదనే సృష్టింపవలెనని కోరిరి. సున్నకు దిగువ 67 ఫారెన్‌హీటు డిగ్రీల చలిగాలి, అదియు ప్రచండవేగముతో వీచునది. చాలమంది అసాధ్యమన్న ఆ పనిని వృద్ధుడైన క్యారియరు లెక్క కట్టి సాధించెను. తన కృషియంతటిలో దానినే అతడు మిన్నగా నెంచెడివాడు.

1950వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన న్యూయార్కు నగరమున అతడు కన్నుమూసెను. అతనిని బఫెలో నగరమందలి శ్మశానవాటికలో, తాను వారమునకు పది డాలర్ల జీతముపై పని మొదలుపెట్టిన ఊరిలోనే, సమాధి చేసిరి.